వనరుల లెక్కలు కట్టే సైంటిస్టు అవ్వాలంటే...

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ప్రపంచంలోని నీరు, తిండి, ఖనిజాలు ఎన్నాళ్లు సరిపోతాయో కంప్యూటర్ మోడల్స్‌తో లెక్కగట్టే సైంటిస్టు అవుతానంటోంది. సీఎస్‌ఈ చెయ్యమంటే వినడం లేదు. దీనికి ఏం చదవాలి? ఉద్యోగం వస్తుందా? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, భీమవరం దగ్గర

జవాబు: డిగ్రీలో ఈ పనికంటూ ప్రత్యేక కోర్సు కోసం వెతక్కండి. ఈ దారి వేసినవాళ్లే వేర్వేరు చదువుల నుంచి వచ్చారు. 1972లో అమెరికాలోని ఎంఐటీ బృందం జనాభా, ఆహారం, పరిశ్రమలు, వనరులు, కాలుష్యం కలిపి ఒకే మోడల్ కట్టి, 2100 దాకా లెక్కవేసింది. అందులో ముఖ్యురాలైన డొనెల్లా మెడోస్ చదివింది కెమిస్ట్రీ, బయోఫిజిక్స్. ఆ పద్ధతికి (సిస్టమ్ డైనమిక్స్ అంటారు) పునాది వేసిన జే ఫారెస్టర్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఎటు నుంచి వచ్చినా లెక్కలు మాత్రం గట్టిగా రావాలి.

పని ఎలా ఉంటుందో మీ ఊళ్లోనే చూపిస్తాను. రొయ్యలకు రేటు బాగుంటే ఒక రైతు చేను చెరువవుతుంది. ఉప్పు పక్క చేలోకి ఊరుతుంది, అక్కడ సార్వా (ఖరీఫ్ వరి) దిగుబడి పడిపోతుంది, ఆ రైతూ చెరువు తవ్విస్తాడు. చెరువులు పెరిగినకొద్దీ ఇంకా పెరుగుతాయి. బోరు నీళ్లు ఉప్పబడ్డట్టు తెలిసేది కొన్నేళ్లకు. అప్పటికి వెనక్కి మళ్లడం కష్టం. ఈ గొలుసునూ, ఈ ఆలస్యాన్నీ సమీకరణాల్లో పెట్టి, దాళ్వాకు (రబీ వరికి) వంతులవారీ నీరిస్తే ఏమవుతుంది, కాలువ చివరనున్న శివారు భూములకు ఏం మిగులుతుంది అని పరీక్షించడమే ఈ పని. ప్రపంచానికి కట్టినా సూత్రం ఇదే. డెల్టాలో పుట్టిన పిల్ల ఇది నేర్చుకుంటే మనకు ఎంత మేలో!

తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ మంచి దారి. ప్రవేశం ఐసర్‌లు పెట్టే ఐఏటీ పరీక్షతో; అందులో బయాలజీ కూడా ఉంటుంది, ఎంపీసీ పిల్లలు తేలిగ్గా తీసుకోకూడదు. సీఎస్‌ఈ, సివిల్ చేసినా దారి మూసుకుపోదు: మోడల్ అంటే కోడే కదా. గేట్ రాసి ఐఐటీలకు, ఐఐఎస్సీకి వెళ్లొచ్చు.

దాచకుండా చెబుతాను, సైంటిస్టుగా నిలబడాలంటే పీహెచ్‌డీ కావాలి. అంటే ఇంటర్ తర్వాత పదేళ్లు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఆ తర్వాత విశ్వవిద్యాలయాలు, ఢిల్లీలోని టెరి, సీఈఈడబ్ల్యూ లాంటి ఇంధన, పర్యావరణ పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఆస్ట్రియాలోని ఐఐఏఎస్‌ఏ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ పీహెచ్‌డీ విద్యార్థులను వేసవిలో మూడు నెలలు తీసుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లా ఇరవై రెండేళ్లకే జీతం రాదు. ఇంట్లో అప్పు ఒత్తిడి ఉంటే ఆ సంగతి అమ్మాయితో ఇప్పుడే మాట్లాడండి.

పరీక్షలయ్యాక పైన చెప్పిన చేను-చెరువు లెక్కను ఎక్సెల్‌లోనో పైథాన్‌లోనో కట్టమనండి, అంకెలు ఊళ్లో రైతులను అడిగి తెచ్చుకోమనండి. విసుగొచ్చి వదిలేస్తే సీఎస్‌ఈ సీటు ఎలాగూ ఉంది. తప్పు వచ్చిన ప్రతిసారీ సరిచేస్తూ కూర్చుంటే మాత్రం ఆపకండి. ఐఏటీ దరఖాస్తు గడువు ముందే చూసి పెట్టించండి.