ఇసుక తవ్విన సరస్సుకు వెళ్లే ముందు

చిరంజీవి శ్రావ్యకు,

పరీక్షలు అయిపోగానే డార్మ్‌స్టాట్ నుంచి స్నేహితులతో కలిసి లాంగెన్ దగ్గరి వాల్డ్‌జే సరస్సుకు ఈతకు వెళ్తామని రాశావు. తప్పక వెళ్లండి, ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల వేసవి గడపడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. అయితే అది మన చెరువు వంటిది కాదు. చెరువులో ఎగువ నుంచి దిగితే మోకాలి లోతు, నడుము లోతు అంటూ నీరు మెల్లగా పెరుగుతుంది. ఇది దశాబ్దాల తరబడి ఇసుక, కంకర తవ్వగా మిగిలిన గొయ్యిలోకి భూగర్భజలం ఊరి ఏర్పడిన సరస్సు కనుక, ఈతకు చదును చేసిన ఒడ్డు దాటితే అడుగు ఎక్కడ తెగిపోతుందో పైనుంచి తెలియదు.

అందుకే రుసుము చెల్లించి, కాపలా ఉన్న ఒడ్డునే దిగండి. ఎరుపు పసుపు జెండా ఎగురుతుంటే రక్షకులు ఉన్నట్టు, దానికి తోడు పసుపు జెండా కూడా ఎగరేస్తే ఈత అంతగా రానివారు దిగకూడదని, ఎర్రజెండా అయితే ఎవరూ దిగకూడదని అర్థం. నీటి అడుగు నుంచి ఇసుక తోడే డ్రెడ్జర్ పనిచేస్తున్న వైపుకు, లేదా ఈత నిషేధమని బోర్డు పెట్టిన ఏ క్వారీ గుంటకూ సరదాకైనా వెళ్లకండి. తడి ఇసుక కట్ట మనిషి బరువుకే జారి నీళ్లలోకి దిగబడుతుంది. కృష్ణా, గోదావరి ఇసుక గుంతల్లో పిల్లలు మునిగిన వార్తలు చదివిన మనకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

మరొకటి చలి. జూలైలో పైనీరు 22 డిగ్రీలున్నా, కొన్ని మీటర్ల దిగువన చలికాలపు నీరు అలాగే ఉంటుంది. ఎండలో కూర్చుని ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుపోతుంది కాబట్టి, ముందు చేతులు, ఛాతీ తడుపుకొని నెమ్మదిగా దిగు. ఏటా ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన) పోటీల వాళ్లు అక్కడే 3.8 కిలోమీటర్లు ఈదుతారని విని మీ కుర్రాళ్లు అవతలి ఒడ్డుకు పందెం కడితే ఒప్పుకోకు. ఇక్కడ జర్మనీలో ఈత పరీక్షకు ఇచ్చే కంచు బ్యాడ్జీకి 15 నిమిషాలు ఈదాలి, అందులో కనీసం 200 మీటర్లు దాటాలి. ఆపాటి ఈత కూడా రానివారు నడుము లోతులోనే ఉండాలి. ఆగస్టులో మోకాలి లోతున నిలబడి చూసినప్పుడు నీ పాదాలు నీకే కనబడనంతగా నీరు పచ్చబడి ఉంటే, అది విషపు నాచు కావచ్చు, ఆ రోజుకు ఈత మానుకో.

ఒడ్డున ఒక భాగం బట్టల్లేకుండా స్నానం చేసేవారికి కేటాయించారు. బోర్డు చూసి పక్కకు తప్పుకో, ఆ చుట్టుపక్కల ఫోను బయటకు తీయకు.

ఈతకన్నా నాకు ఇష్టమైనది వేరే ఉంది. ఈ రైన్ మైదానపు క్వారీల్లో నిలువుగా తెగిన ఇసుక గోడ కనిపిస్తే దూరంగా ఆగి చూడు. వీపు గోధుమరంగులో ఉండి, తెల్లని రొమ్ముకు అడ్డంగా గోధుమ పట్టీ ఉన్న, వానకోయిల జాతి చిన్న పిట్టలు ఆ గోడలో రెండు మూడడుగుల లోతు బొరియలు తవ్వి గూళ్లు పెడతాయి. ఆఫ్రికాలో చలికాలం గడిపి వసంతంలో వస్తాయి. బొరియ అంచున కాళ్లతో వేలాడి ఒక్క క్షణంలో లోపలికి మాయమవుతాయి. నదులకు రాతి కట్టలు కట్టడంతో వాటి సొంత ఒడ్డులు పోయాయి కనుక క్వారీ గోడలే ఇప్పుడు వాటికి ఆధారం. ఆ గోడపైకి ఎక్కవద్దు. బైనాక్యులర్ నాది తీసుకెళ్లు.

శని, ఆదివారాలు జనం విపరీతంగా ఉంటారు. పనిదినాన ఉదయాన్నే రైలులో లాంగెన్‌లో దిగి, సైకిళ్ల మీద పడమటి అడవి దారిన వెళ్లండి. పులిహోర కట్టుకెళ్లండి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న