గీత కింద రెండు చుక్కలు

ప్రశ్న: అన్నగారూ, నేను అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మొన్న ఆఫీసులో ఏదో ఫారం మీద సంతకం పెడితే హెచ్ఆర్ ఆవిడ చూసి, ఇందులో మీ పేరెక్కడుంది అని నవ్వింది. నిజమే, మొదటి అక్షరం తప్ప ఏమీ తెలియదు, మిగతాదంతా ఒక గీతే. పాస్‌పోర్టులోనూ అదే ఉంది. ఇప్పుడు అందరికీ అర్థమయ్యేలా కొత్త సంతకం మొదలుపెట్టనా? రేపు గ్రీన్ కార్డు కాగితాలప్పుడు ఇబ్బందవుతుందేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పెన్ను కింద పెట్టు. సంతకం మార్చకు. ఆవిడ నవ్వింది, ఫైలు మూసేసింది, సాయంత్రానికి మరచిపోయి ఉంటుంది. నువ్వు మాత్రం కొత్త సంతకం ప్రాక్టీస్ చేస్తూ నోటుపుస్తకాలు నింపుతున్నావు. కొత్తగా దిగినవాళ్లందరికీ ఉండే జబ్బే ఇది, ఇక్కడివాళ్లు నోరు తెరిచి ఏమన్నా అది రూలే అనుకోవడం.

అసలు రూలు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, మిగతాది వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో. సంతకం చదవగలిగేలా ఉండక్కర్లేదనీ, ఇంగ్లీషులోనే ఉండక్కర్లేదనీ, మామూలుగా ఎలా పెడతావో అలా ఉంటే చాలనీ ఇమిగ్రేషన్ వాళ్ల పాలసీ మాన్యువల్‌లోనే రాసుంది. రోజూ తెలుగులో సంతకం పెట్టేవాడైతే తెలుగులోనే పెట్టొచ్చు. వాళ్లు ఫారం తిప్పి పంపేది సంతకం అర్థం కాకపోతే కాదు, అసలు పెట్టకపోతే. కాగితం ఫారం మీద పేరు టైపు చేసి వదిలేసినా, రబ్బరు స్టాంపు కొట్టినా ఒప్పుకోరు. 14 ఏళ్ల లోపు పిల్లల బదులు అమ్మో నాన్నో పెట్టొచ్చు. అంతే, గ్రీన్ కార్డు గొడవ అక్కడితో సరి.

అర్థంకాని సంతకాలు మనకే కాదు, ఈ దేశంలో పెద్దపెద్దవాళ్లకే ఉన్నాయి. 2013 జనవరిలో ఒబామా జాక్ లూ అనే ఆయన్ని ట్రెజరీ సెక్రటరీగా, అంటే మన లెక్కలో ఆర్థిక మంత్రిగా ప్రతిపాదించాడు. ఆ పదవిలో ఉన్నవాళ్ల సంతకం డాలరు నోటు మీద పడుతుంది. ఈయన సంతకం చూస్తే పక్కపక్కనే సున్నాలు చుట్టినట్టు ఉంటుంది, ఒక్క అక్షరం కనిపించదు. టీవీల్లో అదే చర్చ. కనీసం ఒక్క అక్షరమైనా తెలిసేలా పెడతానని మాటిచ్చాడంటూ ఒబామాయే జోకు వేశాడు. నోటు మీదకొచ్చేసరికి ఆయన కాస్త మార్చుకున్నాడు. అంతకుముందు వైట్‌హౌస్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసినప్పుడు మాత్రం ఆ సున్నాలతోనే పని నడిచింది. నీ సంతకం నోట్ల మీద వేసే రోజు వస్తే అప్పుడు చూద్దాంలే.

ఇక నా సంగతి. నువ్వు చేయబోయే పని నేనెప్పుడో చేసేశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మేం వచ్చిన రోజుల్లో ఇలా రాసి అడగడానికి అన్నలెవరూ లేరు, తగిలించుకునే నేర్చుకున్నాం.

కాలేజీ రోజుల్లో నా సంతకం ఒక కళాఖండం. ముందు ఇంటిపేరు పొడక్షరం, తర్వాత పేరు మొత్తం, చివరి అక్షరం తోకను వెనక్కి లాగి పేరు కిందుగా ఒక గీత, ఆ గీత కింద రెండు చుక్కలు. ఆ చుక్కలెందుకో నాకూ తెలియదు, మా బ్యాచ్‌లో అందరూ పెట్టేవాళ్లు. ఫ్లయిట్ ఎక్కేముందు బ్యాంకులో స్పెసిమన్ కార్డు మీద, అంటే వాళ్లు పోల్చుకోవడానికి దాచుకునే నమూనా సంతకం కార్డు మీద, అదే పెట్టాను, చుక్కలతో సహా.

ఇక్కడికొచ్చాక చూస్తే పక్క సీటు అమెరికన్ పెన్ను అలా తిప్పి ఇలా పడేసేవాడు. అతని ముందు నా సంతకం మరీ పల్లెటూరి సంతకంలా అనిపించింది. మొదట చుక్కలు పోయాయి. తర్వాత గీత. ఇంటిపేరు వెనక్కి వెళ్లి, ఆ తర్వాత మాయమైంది. చివరికి రెండు వంకరలు మిగిలాయి. చెక్కుల మీద, అద్దె అగ్రిమెంట్ మీద, కారు లోను మీద అవే. ఎవరూ కిమ్మనలేదు. ఎందుకంటారా, ఇక్కడ చెక్కు మీది సంతకాన్ని పనిగట్టుకుని పట్టి చూసేవాళ్లు తక్కువ. క్రెడిట్ కార్డుకైతే ఇప్పుడు అదీ లేదు, 2018 ఏప్రిల్‌లో పెద్ద కార్డు కంపెనీలన్నీ సంతకం తప్పనిసరి కాదని తీసేశాయి. అద్దె కాగితాలేమో కంప్యూటర్లో నొక్కితే అదే సంతకం, 2000లో వచ్చిన ఈ-సైన్ చట్టం ప్రకారం చెల్లుతుంది కూడా. అందువల్ల ఇక్కడున్నవాడి సంతకం తనకే తెలియకుండా జారిపోతూ ఉంటుంది. నాది జారలేదు, నేనే తోసేశాను. స్టైలుగా ఉందని మురిసిపోయాను కూడా.

కొన్నేళ్లకు ఇండియాలో ఇల్లు కొనే పని పడింది. ఎఫ్‌డీ బ్రేక్ చేసి డబ్బు నాన్నగారి ఖాతాకు పంపమని ఫారం నింపి, కింద నా కొత్త వంకరలు పెట్టి, పోస్టులో వేశాను. అప్పట్లో ఇవన్నీ ఫోన్లో నొక్కితే అయ్యే పనులు కావు. ఫారం తిరిగొచ్చింది. మూలన ఎర్ర ఇంకుతో 'సిగ్నేచర్ డిఫర్స్', అంటే సంతకం కలవలేదు అని రాసుంది. ఫోన్ చేసి అరిచాను. అటువైపు కుర్రాడు ఎంతో మర్యాదగా, "సార్, కార్డులో కింద గీత ఉందండి, గీత కింద రెండు చుక్కలున్నాయండి, మీరు పంపినదాంట్లో లేవండి" అన్నాడు. నా పాస్‌పోర్టు కాపీ ఉంది, ఫోటో ఉంది, ఖాతాలో నా కష్టార్జితం ఉంది, లేనివల్లా చుక్కలు!

సరే, పాత సంతకమే పెట్టి పంపుదామని కూర్చున్నాను. రాదే! నా సంతకాన్ని నేనే ఫోర్జరీ చేస్తున్నట్టుంది. గుర్తుచేసుకుంటూ మెల్లగా గీస్తే గీత వణుకుతుంది, తోక మలుపు దగ్గర పెన్ను ఆగిపోతుంది, అక్కడ ఇంకు ముద్ద కడుతుంది. దొంగ సంతకాలు పట్టుకునే నిపుణులు చూసేవి కూడా సరిగ్గా ఇవే, వణుకు, పెన్ను ఎత్తిన గుర్తులు, ఆగకూడని చోట ఆగడం. అక్షరాలు అర్థమవుతున్నాయా లేదా అన్నది వాళ్లకూ పట్టదు. ఆ ఫారం కూడా వెనక్కొచ్చింది.

అప్పుడు చెప్పారు, కొత్త సంతకం నమోదు చేయాలంటే దాన్ని భారత కాన్సులేటో, ఇక్కడి బ్యాంకు అధికారో, నోటరీయో ధ్రువీకరించాలని. ఇక్కడి బ్యాంకుకెళ్తే, ఇంకో బ్యాంకు ఫారం మీద మేం పెట్టం అన్నారు. ఎవరో మెడాలియన్ ముద్ర వేయించుకోమన్నారు. అది ఇక్కడి షేర్లూ ఫండ్లూ బదిలీ చేసుకోవడానికి, మన ఎఫ్‌డీకి దాంతో పనిలేదు. నోటరీ దగ్గరికి తెలివిగా ఇంట్లోనే సంతకం పెట్టేసి తీసుకెళ్లాను. ఆవిడ నా లైసెన్సు చూసి, నా కళ్లముందు పెట్టాలి అంది. ఉన్నదాని పక్కనే ఇంకోటి పెట్టాను. రెండూ ఒకలా లేవు! ఆ కాగితం చించేసి, కొత్త ఫారం ప్రింట్ తీసుకుని మళ్లీ వెళ్లి పూర్తిచేశాను. నోటరీ నీ సంతకం అందం చూడదు తమ్ముడూ, నువ్వు నువ్వేనా, తన ఎదుటే పెట్టావా అన్నదే చూస్తుంది. ఖాళీ ఫారంతో వెళ్లు.

ఈలోగా ఇల్లు అమ్మేవాళ్లు ఆగరు కదా. నాన్నగారు బయట అప్పు తెచ్చి అడ్వాన్సు కట్టారు. నా డబ్బు నా ఖాతాలోనే ఉండగా ఆయన ఊళ్లోవాళ్లకు వడ్డీ కట్టారు! ఆ వడ్డీ లెక్క నాకిప్పటికీ కంఠతా వచ్చు. మీ వదిన ఇక వదిలెయ్యమంటుంది. ఎందుకు వదలాలి?

అందుకే నీ గ్రీన్ కార్డు గురించి నాకు బెంగ లేదు, ఇండియాలో నువ్వు దాచుకున్న డబ్బు గురించే బెంగ. సంతకం అర్థం కాకపోయినా డబ్బు వస్తుంది, మారితే రాదు. ఫండ్లకూ, పీఎఫ్‌కూ, ఇన్సూరెన్స్‌కూ ఎక్కడికక్కడ నీ పాత సంతకం కాపలా కూర్చుని ఉంటుంది. పోనీలే అని రెండేళ్లు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతాను ఇనాపరేటివ్‌లో, అంటే వాడకంలో లేని ఖాతాల్లో పెడతారు. 10 ఏళ్లు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. అక్కడినుంచీ తెచ్చుకోవచ్చులే, కానీ మళ్లీ కేవైసీ, మళ్లీ అదే సంతకం. ఎవరికైనా ఇండియా చెక్కు ఇచ్చి, అది సంతకం కలవక బౌన్స్ అయితే ఇంకా చిక్కు. దానిమీదా 138 సెక్షన్ కింద, అంటే చెక్కు బౌన్స్ అయితే పెట్టే క్రిమినల్ కేసు నడుస్తుందని సుప్రీంకోర్టు 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో తేల్చింది.

నాన్నగారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే సరిపోతుందని నీ స్నేహితులు చెప్తారు. ఇవ్వు, కానీ దానికీ నీ సంతకమే కదా. కాన్సులేట్‌లో చేయించినా, నోటరీ చేయించి అపోస్టిల్ (ఆ కాగితం వేరే దేశంలో చెల్లడానికి ఇక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించినా ప్రతి పేజీ మీద ఒకేలా పెట్టు, చివరి పేజీకొచ్చేసరికి విసుగొచ్చి గీకెయ్యకు. అది ఇండియా చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఇది చాలామంది మరచిపోతారు.

పేరు తెలియాల్సిన చోటు లేదని కాదు. సాక్షి సంతకం పెట్టినప్పుడు, రసీదు మీద పెట్టినప్పుడు, రేపు ఎవరైనా ఆ మనిషిని వెతుక్కోవాల్సి వస్తుంది. దానికి సంతకం మార్చక్కర్లేదు, కింద పేరు మొత్తం విడివిడి అక్షరాల్లో రాస్తే చాలు. ఇక్కడి ఫారాల్లో దానికి వేరే గడి ఉంటుంది, మనవాళ్లు కంగారులో అందులో సంతకం పెట్టి, సంతకం గడిలో పేరు రాసి వస్తారు. డ్రైవింగ్ లైసెన్సుకు ఎలక్ట్రానిక్ పలక మీద పెట్టమన్నప్పుడు మాత్రం తొందరపడకు. వంకరగా పడితే చెరిపి మళ్లీ పెడతానని అడుగు, ఏమీ అనుకోరు. తర్వాత చాలాచోట్ల పోల్చి చూసేది దాన్నే. సిటిజన్ అయ్యి పోస్టులో ఓటు వేసినప్పుడు కూడా చాలా రాష్ట్రాల్లో కవరు మీది సంతకాన్ని రికార్డులో ఉన్నదానితో పోలుస్తారు. అది ఇంకా దూరం, నీకిప్పుడే వద్దు.

ఒక్క విషయంలో మాత్రం నీ సంతకం మీద నాకూ అనుమానమే. ఒక అక్షరం, ఒక గీత అంటున్నావు. అంత చిన్నదాన్ని అనుకరించడం తేలిక, ఎందుకంటే పోల్చి చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. నిజంగా మార్చాలనే ఉంటే ఇప్పుడొద్దు, పాస్‌పోర్టు రెన్యువల్ దాకా ఆగు. రీఇష్యూ దరఖాస్తులో సంతకం మార్పుకు వీలుంది. ముందు అక్కడ మార్చి, దాన్ని పట్టుకుని ఇండియా బ్యాంకుల్లో, ఫండ్లలో వరసగా మార్పించు. ఇక్కడొకటి అక్కడొకటి పెట్టుకుంటానని మాత్రం అనకు, ఏది ఎక్కడిచ్చావో నీకే గుర్తుండదు. ఈలోగా ఏ ఖాతాకు ఏ సంతకం ఇచ్చావో ఒక కాగితం మీద పెట్టి ఇంట్లో దాచుకో. వాట్సాప్‌లో మాత్రం ఎవరికీ పంపకు, అన్నకైనా సరే.

ఇంకోటి, ఇది నువ్వడగలేదు. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు మీ నాన్నగారిని బ్రాంచికి తీసుకెళ్లి ఆయన సంతకం కూడా పెట్టించి చూడు. పెద్దవాళ్ల చెయ్యి వణుకుతుంది, ఎన్నో ఏళ్ల కిందటి కార్డుతో కలవదు. అసలు పెట్టలేని పరిస్థితి వస్తే వేలిముద్ర తీసుకుంటారు, ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయ్యుండాలి. జాయింట్ ఖాతా అయితే కొత్త సంతకం అదే రోజు నమోదు చేయించు. ఫోన్లో చెప్తే చూద్దాంలే అంటారు, చూడరు.