ఎంఈసీ చదివే అమ్మాయి ఎకనామిక్స్ అంటోంది, పంపాలా?

ప్రశ్న: మాది సూర్యాపేట. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. మా పాప ఇంటర్ సెకండియర్ ఎంఈసీ. ఫస్టియర్‌లో లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. సీఏ చేయిద్దామనే ఎంఈసీలో చేర్పించాం. ఇప్పుడేమో బీఏ ఎకనామిక్స్ చదువుతాను, ఢిల్లీకి గానీ హెచ్‌సీయూకి గానీ వెళ్తాను అంటోంది. బీఏ చదివితే ఉద్యోగం ఎవరిస్తారని బంధువులంతా అంటున్నారు. ఆడపిల్లను అంత దూరం పంపాలంటే ఒక టెన్షన్, ఆ చదువుతో ఏమవుతుందోనని ఇంకో టెన్షన్. ఏం చేయమంటారు సార్?

జవాబు: పంపండి. పాపకు లెక్కలంటే భయం లేదు, తనకేం కావాలో తనే చెబుతోంది. ఈ రెండూ ఉన్న పిల్లలకు ఎకనామిక్స్ మంచి చదువు. కాకపోతే ఏ కోర్సు, ఎక్కడ, ఎన్నేళ్లు అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. అక్కడ పొరపాటు జరిగితే మీ బంధువులు అన్న మాటే నిజమవుతుంది.

ముందు బీఏ అనే పేరు సంగతి చూద్దాం. మన దగ్గర బీఏ అనగానే గుర్తొచ్చేది హెచ్ఈపీ. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. అందులో ఎకనామిక్స్ మూడో వంతు, లెక్కలు దాదాపు ఉండవు. గ్రూప్స్‌కు, బీఈడీకి వెళ్లాలనుకునేవాళ్లకు అది పనికొచ్చే చదువే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ మీ పాప అడుగుతున్నది అది కాదు. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ అంటే మైక్రో (ఒక్కో ఇల్లు, ఒక్కో మార్కెట్ సంగతి), మాక్రో (దేశం మొత్తం సంగతి), వాటితో పాటు కాలిక్యులస్, స్టాటిస్టిక్స్, ఆ తర్వాత ఆర్థిక సమాచారాన్ని లెక్కలతో విశ్లేషించే ఎకనోమెట్రిక్స్. అందుకే అక్కడ సీటు కావాలంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీలో మ్యాథ్స్ పేపర్ తప్పకుండా రాయాలి. రెండింటికీ పేరు బీఏనే, లోపల చదివేది మాత్రం పూర్తిగా వేరు. బెంగళూరులోని అంబేడ్కర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఇలాంటి కోర్సునే బీఎస్సీ ఆనర్స్ అంటారు. కాబట్టి డిగ్రీ పేరు పక్కన పెట్టి సిలబస్ తెరవండి. లెక్కలు, స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్ పేపర్లు ఉన్నాయా లేదా చూడండి. అవి లేని చోట చేరడానికి ఇంత దూరం పంపొద్దు.

ఇంతకీ ఆ చదువులో ఏముంటుందో మీ దుకాణం దగ్గరి సంగతితోనే చెబుతాను. పంట బాగా పండిన ఏడాదే కూరగాయల రైతులు మీ ఉద్దెర బాకీ తీర్చలేకపోవడం మీరు చూసే ఉంటారు. ఎందుకలా? టమాటా కిలో 20 రూపాయలున్నప్పుడు ఒక రైతు 100 కిలోలు అమ్మాడనుకోండి. చేతికి 2,000. మరుసటి ఏడాది అందరికీ పంట బాగా వచ్చి, అతను 110 కిలోలు తెచ్చాడు. టమాటా చవకైందని ఎవరూ రెండింతలు తినరు కాబట్టి, ఆ అదనపు సరుకు అమ్ముడుపోవాలంటే ధర బాగా దిగాలి. 15కు దిగిందనుకుందాం. 110 కిలోలకు వచ్చింది 1,650. సరుకు 10 శాతం పెరిగింది, ధర 25 శాతం పడింది, రైతు 350 రూపాయలు నష్టపోయాడు. ధర మారితే కొనే సరుకు ఎంత మారుతుందో చెప్పే కొలతను డిమాండ్ వ్యాకోచత్వం అంటారు. టమాటాకు అది తక్కువ, అందుకే ఈ నష్టం. ఎంఈసీలో మీ పాప దీని నిర్వచనం ఇప్పటికే చదివింది. డిగ్రీలో నిర్వచనంతో ఆగదు. మదనపల్లె మార్కెట్లో రోజువారీ ధరలు, వచ్చిన సరుకు లెక్కలు ముందు పెట్టుకుని ఆ వ్యాకోచత్వం ఎంతో తనే కట్టి చూపించాలి. ధర తగ్గింది పంట ఎక్కువ రావడం వల్లా, లేక బెంగళూరు, చెన్నై నుంచి కొనేవాళ్లు తగ్గడం వల్లా అని విడదీయాలి. ఆ విడదీసే విద్యే ఎకనోమెట్రిక్స్. ఉద్యోగమిచ్చేవాళ్లు డబ్బులిచ్చేది ఎక్కువగా దీనికే.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన పల్లెల గురించి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో రెండు ఊళ్లు, మహారాష్ట్రలో నాలుగు ఊళ్లు ఎంచుకుని, ఇంటింటి లెక్కలూ ఏళ్ల తరబడి రాయించారు. ఏ ఇంట్లో ఎంత పండింది, ఎంత తిన్నారు, ఎవరి దగ్గర అప్పు చేశారు, ఎడ్లు ఎప్పుడు అమ్మారు. ఆ లెక్కల మీద ప్రపంచవ్యాప్తంగా ఆర్థికవేత్తలు పనిచేశారు. రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1994లో ఇందులో మూడు ఊళ్ల సమాచారంతో ఒక ప్రశ్నకు జవాబు వెతికాడు: ఒక ఇంటి ఆదాయం పడిపోతే ఆ ఇంటి తిండి ఖర్చు కూడా అంతే పడిపోతుందా? అంత పడిపోవడం లేదని తేలింది. ఒక్కో ఇంటి ఖర్చు ఆ ఇంటి ఆదాయం కన్నా ఊరు మొత్తం పరిస్థితిని బట్టే ఎక్కువగా మారుతోంది. ఒకరికి కష్టమొస్తే అప్పులో, చేబదుళ్లో, ఏదో ఒక దారిలో ఊళ్లో సర్దుబాటు జరుగుతోందన్నమాట. పూర్తిగా కాదు, కానీ చాలా వరకు. ఉద్దెర మీద వ్యాపారం నడిపే ఇంట్లో పుట్టిన అమ్మాయికి ఇలాంటి ప్రశ్నల మీద ఆసక్తి పుట్టడం నాకేమీ వింతగా అనిపించడం లేదు. పాపకు ఈ చదువే ఎందుకు కావాలనిపించిందో ఒక రోజు తీరిగ్గా కూర్చుని అడగండి. తప్పకుండా అడగండి.

ఇక ఉద్యోగాలు. ఉన్నదున్నట్టు చెబుతాను. మూడేళ్ల డిగ్రీతోనే మంచి ఉద్యోగం వచ్చేది ఎక్కువగా పేరున్న కాలేజీల వాళ్లకే. ఢిల్లీలో శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్, హిందూ, లేడీ శ్రీరామ్ లాంటి చోట్లకు కన్సల్టింగ్ కంపెనీలు, బ్యాంకులు క్యాంపస్‌కు వచ్చి ఎనలిస్టులుగా తీసుకుంటాయి. మిగతా చోట్ల చదివినవాళ్లు ఎక్సెల్‌తో పాటు ఆర్ గానీ పైథాన్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష బాగా నేర్చుకుని, ఒకటి రెండు ఇంటర్న్‌షిప్‌లు చేసి ఉంటే హైదరాబాద్‌లో డేటా, రిస్క్ పనులున్న కంపెనీల్లో ప్రయత్నించవచ్చు. అవేవీ లేకుండా డిగ్రీ పట్టా ఒక్కటే చేతిలో ఉంటే కష్టమే.

అందుకే మొదటి నుంచీ ఐదేళ్ల చదువుగా లెక్కేసుకోండి, డిగ్రీ ప్లస్ పీజీ. ఎకనామిక్స్‌లో అసలు తలుపులు పీజీ తర్వాతే తెరుచుకుంటాయి. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు ఎకనామిక్స్ పీజీ ఉండాలి, వయసు 21 నుంచి 30 మధ్య. పోస్టులు కొద్దిగానే ఉంటాయి, అయితే సివిల్స్‌తో పోలిస్తే పోటీపడేవాళ్లూ తక్కువే. రిజర్వ్ బ్యాంక్ గ్రేడ్ బీ ఆఫీసర్లలో జనరల్ పోస్టులకు ఏ డిగ్రీ అయినా చాలు, ఎకనామిక్ పాలసీ రీసెర్చ్ విభాగానికి మాత్రం ఎకనామిక్స్‌లో గానీ దానికి దగ్గరి సబ్జెక్టుల్లో గానీ పీజీ ఉండాలి. జూనియర్ లెక్చరర్ కావాలన్నా పీజీయే. అమెరికా ఆలోచన ఎప్పుడైనా వస్తే, అక్కడ ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అన్న కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంది. మామూలు ఎకనామిక్స్ లేదు. ఆ తేడా వల్ల చదువయ్యాక అక్కడ పనిచేసుకునే గడువు మారుతుంది.

సీఏ మాటేమిటని మీకు మనసులో ఉండే ఉంటుంది. ఆ దారి మూసుకుపోదు. కామర్స్ కాని డిగ్రీలో 60 శాతం తెచ్చుకున్నవాళ్లు సీఏ తొలి మెట్టయిన ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. మూడేళ్ల తర్వాత పాప మనసు మారితే అప్పుడు వెళ్తుంది. ఇప్పుడే రెండూ కలిపి చదివించాలని మాత్రం చూడకండి. రెండు చోట్లా సగం సగం అవుతుంది.

ఎక్కడికి పంపాలి అన్న దాంట్లో నా సలహా: మొదటి ప్రాధాన్యం హెచ్‌సీయూ. గచ్చిబౌలిలోని యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో ఎకనామిక్స్‌కు ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, సీయూఈటీ ద్వారానే ప్రవేశం. ఇంటర్ తర్వాత చేరితే ఎంఏతో బయటికొస్తుంది, మధ్యలో పీజీ ఎంట్రన్స్ గొడవ ఉండదు. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి ఫీజు మీకు భారం కాదు. సూర్యాపేట నుంచి బస్సెక్కితే ఓ పూటలో చేరిపోవచ్చు, దూరం గురించిన మీ టెన్షన్ చాలా వరకు అక్కడే తీరిపోతుంది. ఢిల్లీలో పైన చెప్పిన స్థాయి కాలేజీ వస్తే మాత్రం దూరం చూసి వెనక్కి తగ్గొద్దు. అక్కడ అన్ని కాలేజీలకూ హాస్టల్ లేదు, ఉన్నచోటా సీట్లు తక్కువ. బయట పేయింగ్ గెస్ట్ హాస్టల్‌లో ఉంటే చదువు ఫీజు కన్నా అద్దె, తిండి ఖర్చే ఎక్కువవుతుంది. కాబట్టి కాలేజీ ఎంచుకునేటప్పుడే హాస్టల్ సంగతి కనుక్కోండి. అంతగా పేరులేని కాలేజీ కోసం ఢిల్లీ దాకా అక్కర్లేదు.

చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, పుణేలో 1930లో పెట్టిన గోఖలే ఇన్‌స్టిట్యూట్ కూడా చూడదగ్గవే. మన శ్రీసిటీలో ఉన్న క్రియా, ఢిల్లీ దగ్గరి అశోకా లాంటి ప్రైవేటు యూనివర్సిటీలు బాగా చెబుతాయి గానీ ఏడాదికి లక్షల్లో ఖర్చు. స్కాలర్‌షిప్ వస్తేనే ఆలోచించండి. దుకాణం మీద అప్పు తెచ్చి చదివించాల్సినంత అవసరం ఈ సబ్జెక్టుకు లేదు. ఐఐటీ కాన్పూర్, బాంబేల్లో ఎకనామిక్స్ బీఎస్ ఉందని ఎవరైనా చెప్పొచ్చు. అది జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసినవాళ్లకే, ఎంఈసీ వాళ్లకు ఆ దారి లేదు.

సీయూఈటీలో అనుకున్న స్కోరు రాకపోతే ఏడాది వృథా చేసి ఇంట్లో కూర్చోబెట్టకండి. తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక దోస్త్‌లో ఎకనామిక్స్‌తో పాటు మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ కలిసి ఉన్న కాంబినేషన్ వెతకండి. హైదరాబాద్‌లో అలాంటివి దొరుకుతాయి. అక్కడ మూడేళ్లు లెక్కలు వదలకుండా చదివితే ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీ అయిన ఎంఎస్‌క్యూఈకో, రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ముంబై ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌కో పీజీకి పోటీపడొచ్చు. ఆ ఎంట్రన్సుల్లో లెక్కలదే పెద్ద పాత్ర. డిగ్రీ ఎక్కడ చేశావని పరీక్ష పేపర్ అడగదు. మన దువ్వూరి సుబ్బారావు గారు చదివింది ఫిజిక్స్, ఐఐటీల్లో. ఎకనామిక్స్‌కు తర్వాత వచ్చారు, ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు, 2008లో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయ్యారు. లెక్కల పునాది ఉన్నవాళ్లు ఈ సబ్జెక్టులోకి ఎప్పుడైనా రాగలరు. అది లేకుండా వచ్చి తర్వాత కూడగట్టుకోవడం చాలా కష్టం.

ఇక ఈ నాలుగు మాటలు పాపకు చూపించండి.

అమ్మా, నీకు ఇప్పుడున్న అసలు పని సీయూఈటీ. ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి సిలబస్ నుంచి వస్తాయి, మన ఇంటర్ బోర్డు పుస్తకం నుంచి కాదు. ఎంఈసీలో నువ్వు చదివే లెక్కలు ఎంపీసీ వాళ్లవే కాబట్టి డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్, ప్రాబబిలిటీలో నీకు ఇబ్బంది ఉండదు. లీనియర్ ప్రోగ్రామింగ్ లాంటివి మాత్రం విడిగా కూర్చుని నేర్చుకో. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఈ ఆదివారమే మ్యాథ్స్ రెండు భాగాలూ దించుకుని విషయసూచిక మీద నీకు రాని అధ్యాయాలకు గుర్తు పెట్టుకో. పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు, కానీ తర్వాత పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. కాబట్టి ఎకనామిక్స్ పాఠాలు ఇప్పటి నుంచే ఇంగ్లిష్‌లో చదవడం అలవాటు చేసుకో. దరఖాస్తు గడువు ఇంటర్ పరీక్షల హడావుడిలో దాటిపోతుంటుంది. జనవరి నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ సైట్ వారానికోసారి చూస్తుండు. ఫారంలో మ్యాథ్స్ ఎంచుకోవడం మర్చిపోతే ఢిల్లీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు అర్హతే ఉండదు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఫారం నింపు, సబ్‌మిట్ నొక్కే ముందు సబ్జెక్టుల జాబితా ఇద్దరూ ఒకసారి చదవండి.