వాళ్లు ‘అర్బన్ నక్సల్’ అన్నారు, నేను ‘మనువాది’ అన్నాను: ఎవరి కేసు నిలుస్తుంది?

ప్రశ్న: మాది కడప జిల్లా, ప్రొద్దుటూరు దగ్గర పల్లె. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరును, బీసీని. మా ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు వందల మందికి పైగా ఉన్నారు. అంబేడ్కర్ విగ్రహం బస్టాండు దగ్గర పెట్టాలని నేనంటే, మాజీ సర్పంచి ఒకాయన ‘ఈ సారు అర్బన్ నక్సలు. మావోయిస్టులకు చందాలు పంపుతాండాడు. పిల్లోళ్ల బుర్రలు చెడగొడతాండాడు’ అని పెట్టినాడు. నేను కోపంలో ‘నువ్వు మనువాదివి, కులగజ్జి మనిషివి, పాత ఫ్యాక్షనిస్టువి’ అన్నాను. ఎస్సీ అయిన నా స్నేహితుడు నాకు మద్దతు పలికితే, సర్పంచి అనుచరుడొకడు ‘హరిజనోనివి, నీకు బజారు నడిమధ్యన విగ్రహం కావల్నా? మీ వాడలో పెట్టుకోపో’ అన్నాడు. ఇది జరిగి రెండు నెలలైంది. ఇప్పుడు మాజీ సర్పంచి పరువు పోయిందని పది లక్షలకు నాకు లాయరు నోటీసు పంపినాడు. ‘దళితులు’ అని రాశావు కాబట్టి, ఆ మాటను ప్రభుత్వం నిషేధించింది కాబట్టి, దాని మీదా కేసు పెడతామంటున్నారు. గ్రూపు అడ్మిను మా బామ్మర్ది. ఎవరి మీద ఏ కేసు నిలుస్తుంది? నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో మూడు వేరు వేరు గొడవలున్నాయి. వాటిని ఒకే అర్జీలో కలిపి స్టేషనుకు తీసుకెళ్తే మూడూ చెడిపోతాయి. మీకు జరిగింది పరువు నష్టం. మీ స్నేహితుడికి జరిగింది కుల దూషణ. మీకొచ్చిన నోటీసు మూడోది, గడువున్నది కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

పరువు నష్టానికి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 356 వర్తిస్తుంది. ఐపీసీలో 499, 500 సెక్షన్లుగా ఉన్నదే ఇది. శిక్ష రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. కోర్టు మీరు వాడిన ముద్ర ఎంత ఘాటుగా ఉందన్నది చూడదు. ఆ మాటలో రుజువు చేయగల, లేదా తప్పని తేల్చగల విషయం ఉందా, అది ఫలానా మనిషి గురించేనా, మూడో మనిషి చదివాడా అన్నవి చూస్తుంది.

ఆ లెక్కన మీ మూడు మాటలూ ఒకటి కాదు. ‘మనువాది’ అన్నది ఆయన భావాల మీద మీ అభిప్రాయం. ఊరికంతటికీ సంబంధించిన విగ్రహం మీద చర్చలో, ఒకప్పుడు పదవిలో ఉన్న మనిషి వైఖరి గురించి అన్నారు. 356లోని మూడో మినహాయింపు, ప్రజా ప్రశ్న మీద ఒకరి ప్రవర్తన గురించి సద్బుద్ధితో చెప్పే అభిప్రాయాన్ని కాపాడుతుంది. ‘కులగజ్జి’ తిట్టే, కానీ వాదనలో దొర్లిన తిట్టు. దానొక్కదాని మీద శిక్ష పడేంత కేసు నిలవడం కష్టం.

చిక్కంతా ‘పాత ఫ్యాక్షనిస్టువి’ దగ్గరే ఉంది. వేరే జిల్లాలో ఆ మాటకు సినిమా వాసన ఉండొచ్చు. మన సీమలో అంటే హత్యలు, బాంబులు, స్టేషనులో షీటు అనే అర్థం. అది విషయం చెప్పే మాట, అభిప్రాయం కాదు. ఆయన మీద రౌడీషీటు ఉందా, ఎప్పుడు తెరిచారు, మూసేశారా, ఏ కేసులో ఏ తీర్పు వచ్చిందన్నవి కాగితాల మీద తేలాలి. పాత కేసులో నిర్దోషిగా బయటపడిన మనిషిని ఆ పేరు పెట్టి పిలిస్తే మీకు ఇబ్బందే. ‘ఊరంతా అనుకుంటారు’ అన్నది కోర్టులో పనికిరాదు. ఇంకో మెలిక ఉంది. క్రిమినల్ కేసులో నిజమైతే చాలదు, ఆ నిజం చెప్పడం ప్రజాహితం కోసమని కూడా మీరే చూపాలి. సివిల్ దావాలో అయితే నిజమని రుజువైతే చాలు.

కాబట్టి నోటీసుకు అందులో ఇచ్చిన గడువులోగా మీ లాయరు ద్వారా జవాబివ్వండి. జవాబివ్వకపోతే నేరం ఒప్పుకున్నట్టని ఏ చట్టమూ చెప్పదు గానీ, రేపు సాక్షిబోనులో ‘ఎందుకు మౌనంగా ఉన్నారు’ అన్న ప్రశ్న మాత్రం తప్పదు. జవాబులో వాదన మొత్తాన్నీ, ఆయన ముందు ఏమన్నారో, మీరు తర్వాత ఏమన్నారో, వరసగా తేదీలతో పెట్టించండి. ‘ఫ్యాక్షనిస్టు’ అన్నదానికి కాగితం లేకపోతే ఆ ఒక్క మాటనూ వెనక్కి తీసుకుంటున్నానని రాయించండి, గ్రూపులో కూడా అదే పెట్టండి. ‘అన్నింటికీ క్షమాపణ’ అని రాయవద్దు. అలా రాస్తే అవతల వైపు దాన్నే ఒప్పుకోలుగా చూపుతుంది. పది లక్షల అంకె చూసి బెదరవద్దు. నోటీసులో అంకె వేయడానికి ఖర్చు లేదు. దావా వేస్తే ఆ అంకెకు తగ్గ కోర్టు ఫీజు కట్టాలి, అక్కడికొచ్చేసరికి చాలా నోటీసులు చల్లబడతాయి.

ఇక ఆయన మిమ్మల్ని అన్న మాటలు. ‘అర్బన్ నక్సల్’ అన్న మాట చట్టంలో లేదు. కేంద్ర హోం శాఖ ఆ పదాన్ని వాడటం లేదని 2020లో పార్లమెంటుకు చెప్పింది. ‘దేశద్రోహి’ లాంటి ముద్రలదీ అదే సంగతి. ‘జాతి వ్యతిరేక’ కార్యకలాపాలన్న మాట ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి 31డి అధికరణంగా వచ్చింది, 1977 నాటి 43వ సవరణతో పోయింది. నిర్వచనం లేని ముద్ర మీద మాత్రమే కేసు కడితే అవతలి లాయరు ‘రాజకీయ విమర్శ’ అని ఒక్క ముక్కలో తీసేస్తాడు.

అందుకే మీ ఫిర్యాదుకు ప్రాణం రెండో వాక్యంలో ఉంది: ‘మావోయిస్టులకు చందాలు పంపుతాండాడు’. సీపీఐ (మావోయిస్టు) 2009లో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద ఉగ్రవాద సంస్థల జాబితాలో చేరింది. దానికి డబ్బు సమకూర్చడం నేరం. అంటే ఆయన మీకు ఒక నేరాన్ని అంటగట్టాడు, రెండు వందల మంది ముందు, అందులో మీ విద్యార్థుల తల్లిదండ్రులు కూడా ఉండి ఉంటారు. ఇది నిఖార్సయిన పరువు నష్టం. ఫిర్యాదు ఆ వాక్యం చుట్టూ కట్టించండి, ఆయన పెట్టిన మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఆ యాసలోనే రాయించండి. మర్యాదగా దిద్ది రాసిన ఫిర్యాదులు విచారణలో సాక్ష్యంతో సరిపోక వీగిపోతాయి.

దీనికి స్టేషనుకు వెళ్లి లాభం లేదు. పరువు నష్టంలో పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ కట్టలేరు, వారంటు లేకుండా అరెస్టు చేయలేరు. బాధితుడే ప్రొద్దుటూరులో జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. మీ ప్రమాణ వాంగ్మూలం, సాక్షుల వాంగ్మూలం తీసుకుంటారు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 223 ప్రకారం కేసు స్వీకరించే ముందే అవతలి వ్యక్తికి వినిపించుకునే అవకాశం ఇవ్వాలి. పాత చట్టంలో ఇది లేదు, కనుక కొంత ఆలస్యం ఖాయం. క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్ల గడువుంది. సివిల్‌గా నష్టపరిహారం అడగాలంటే మాత్రం ఒక్క ఏడాదే, పోస్టు పెట్టిన రోజు నుంచి. ఆ ఏడాదిని చాలామంది పెద్దమనుషుల పంచాయితీల్లోనే కరిగించేస్తారు.

మీరు ప్రభుత్వ ఉద్యోగి కదా, ఒక సంగతి చూసుకోండి. ప్రవర్తనా నియమావళి ప్రకారం అధికార విధుల మీద వచ్చిన విమర్శకు కోర్టుకు వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. వ్యక్తిగత ప్రతిష్ఠ కోసమైతే అక్కర్లేదు. ‘పిల్లోళ్ల బుర్రలు చెడగొడతాండాడు’ అన్నది మీ బోధన మీద మాట. దాన్ని ప్రధాన ఆరోపణగా పెడితే అనుమతి గొడవ మొదలవుతుంది. ‘చందాలు’ వాక్యం మీదే నిలవమనడానికి ఇది రెండో కారణం.

మీ స్నేహితుడి విషయం అన్నింటికన్నా బరువైనది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989లోని 3(1)(ఆర్) అవమానించాలనే ఉద్దేశంతో చేసిన దూషణకు, 3(1)(ఎస్) కులం పేరుతో తిట్టడానికి వర్తిస్తాయి. రెండూ నలుగురి కళ్లెదుట జరగాలి. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు, జరిమానా అదనం. కులం పేరు పలకడమే నేరం కాదు. మాదిగ అన్నది రాష్ట్ర ఎస్సీ జాబితాలో ఉన్న పేరు, 1994లో మొదలైన దండోరా ఉద్యమం నుంచి ఎందరో దాన్ని సగర్వంగా పేరు చివర పెట్టుకున్నారు. ‘హరిజనవాడ’ మన రికార్డుల్లో, చిరునామాల్లో ఇంకా ఉంది, ‘హరిజనవాడ దగ్గర బస్సు దిగు’ అంటే ఎవరూ జైలుకు పోరు. కానీ ‘హరిజన్’ అన్న మాటను ఇప్పుడు చులకన చేయడానికే వాడుతున్నారని సుప్రీంకోర్టు 2017లో మంజూదేవి కేసులో గట్టిగానే చెప్పింది. ఇక్కడ ఆ మాటకు ‘నీకు బజారు నడిమధ్యన కావల్నా’ అన్నది తోడైంది. కులం వల్లనే నడిబజారుకు నువ్వు తగవని దాని భావం. 2024లో షాజన్ స్కారియా కేసులో, ఎస్సీ వ్యక్తిని తిట్టినంత మాత్రాన చాలదు, ఆ అవమానం కులం కారణంగా జరిగి ఉండాలని సుప్రీంకోర్టు అంది. మీ స్నేహితుడి కేసు ఆ పరీక్షకు నిలుస్తుంది.

అవతలి వాదన ‘అది ప్రైవేటు గ్రూపు, నలుగురి కళ్లెదుట కాదు’ అని ఉంటుంది. 2020 నాటి హితేష్ వర్మ కేసు, 2025 జనవరిలో వచ్చిన కరుప్పుదయార్ కేసు చూపిస్తారు. వాటిలో దూషణ నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు జరిగింది. మీ గ్రూపులో అన్ని కులాలవాళ్లూ, ఇద్దరికీ సంబంధం లేనివాళ్లూ ఉన్నారని చూపడమే జవాబు. అందుకు ఆనాటి సభ్యుల జాబితా కావాలి.

ఫిర్యాదు మీ స్నేహితుడే ఇవ్వాలి, మీరు సాక్షిగా ఉండండి. తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువపత్రం జత చేయాలి. తిట్టిన మనిషి ఎస్సీ, ఎస్టీ కాడని, అతని కులం ఫలానా అని ఫిర్యాదులోనే రాయాలి. ఈ ఒక్క వాక్యం లేకపోతే, కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే పిటిషన్లకు సందు దొరుకుతుంది. సెక్షన్ 18ఎ ప్రకారం ప్రాథమిక విచారణ పేరుతో ఎఫ్ఐఆర్ ఆపకూడదు. దర్యాప్తు డీఎస్పీ చేయాలి, అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఎస్సై తీసుకోనంటే అదే ఫిర్యాదును కడపలో ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. 3(1)(ఆర్), 3(1)(ఎస్) క్లాజులకు బాధితుడికి పరిహారం లక్ష రూపాయలు: ఎఫ్ఐఆర్ అయ్యాక 25 శాతం, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక 50, శిక్ష పడ్డాక 25. ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేసినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కలుపుతారు. అతన్ని మీ గొడవకు ఆయుధం చేసుకోకండి. అతనికి కేసు వద్దనిపిస్తే అది అతని ఇష్టం.

‘దళిత’ మాట నిషేధమన్నది ఉత్త బెదిరింపు. 2018 మార్చిలో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చిన సర్క్యులర్, రాజ్యాంగంలోని 341వ అధికరణాన్ని ఉటంకిస్తూ, అధికారిక వ్యవహారాల్లో ‘షెడ్యూల్డ్ కులం’ అని వాడమంది. అది కార్యాలయాలకు, పౌరులకు కాదు. మీరు స్కూలు రికార్డులో, అధికారిక లేఖలో ‘ఎస్సీ’ అనే రాయండి. గ్రూపులో ఎలా రాసుకున్నా నేరం లేదు.

కులాల మధ్య చిచ్చు పెట్టారంటూ మీ మీద న్యాయ సంహిత సెక్షన్ 196 కింద ఫిర్యాదు రావచ్చు. మీ మీద రాగల వాటిలో ఇదొక్కటే పోలీసులు నేరుగా కట్టగలది, బెయిలు రాదగినదీ కాదు. కానీ దానికి కనీసం రెండు వర్గాలు కావాలి. ఈ మాట సుప్రీంకోర్టు 1997లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన బిలాల్ అహ్మద్ కాలూ కేసులోనే చెప్పింది. మీరు అన్నది ఒక మనిషిని. ‘మీ కులమోళ్లంతా ఇంతే’ అని మాత్రం ఎక్కడా రాయకండి, రాసి ఉంటే నాకు చెప్పకపోయినా మీ లాయరుకు చెప్పండి. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే మాటల కేసుల్లో ముందు ప్రాథమిక విచారణ చేయడం సముచితమని సుప్రీంకోర్టు అంది. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో రిమాండు విధించే ముందు, అవసరం లేని అరెస్టులు వద్దన్న సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పును పాటించాలని మన హైకోర్టు కూడా 2025 జులైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇచ్చింది. స్టేషనుకు రమ్మని ఫోన్ వస్తే రాతపూర్వక నోటీసు అడగండి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశం పెట్టడం నేరమన్న ఐటీ చట్టం 66ఎ పేరు ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకోండి, 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో అది పోయింది.

ఇవన్నీ నిలిచేది సాక్ష్యం మీద. గ్రూపులోంచి బయటికి రాకండి, మీ మెసేజీలు కూడా తుడిచేయకండి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. పేరు మాత్రమే కనిపించే స్క్రీన్‌షాటు చాలదు, ప్రొఫైల్ తెరిచి ఫోన్ నంబరు కనిపించేలా ఇంకోటి తీయండి. సభ్యుల జాబితా మొత్తం వీడియోగా రికార్డు చేయండి. ఫోను మార్చకండి, అమ్మకండి. కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం లేనిదే ప్రింటవుట్లు చెల్లవు. అందులో ‘పార్ట్ ఎ’ని ఫోను యజమాని, ‘పార్ట్ బి’ని నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. ఫిర్యాదుతో పాటే దీన్ని వేయండి.

బామ్మర్ది గురించి కంగారు వద్దు. ఉమ్మడి ఉద్దేశం ఉంటే తప్ప సభ్యుడి పోస్టుకు అడ్మిను బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. కానీ కేసు వేసేదాకా గ్రూపును మూసేయవద్దని, ఎవరినీ తీసేయవద్దని ఆయనకు ఈ రోజే చెప్పండి. పరువు నష్టం రాజీపడదగిన నేరం. మీదీ, మాజీ సర్పంచిదీ పరువు నష్టం ఫిర్యాదులు రెండూ లోక్ అదాలత్‌లో ఒకే రోజు ముగిసే అవకాశం ఉంది, అట్రాసిటీ కేసుకు మాత్రం ఆ దారి లేదు.