పంటి సంగతులు: నొప్పి తగ్గాక మళ్లీ ఎందుకు వెళ్లాలి?

ప్రశ్న: నా వయసు 48. ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. పోయిన శ్రావణంలో కింది దవడ పన్ను నొప్పి భరించలేక డాక్టర్ దగ్గరికి వెళ్తే రూట్ కెనాల్ చేయాలన్నారు. రెండుసార్లు వెళ్లాను. నరం తీసి, మందు పెట్టి, పైన తెల్లటి ఫిల్లింగ్ వేసి వారం తర్వాత రమ్మన్నారు. నొప్పి పూర్తిగా పోయింది. ఈలోగా అమ్మాయి పెళ్లి కుదిరింది, ఆ హడావుడిలో ఇంక వెళ్లలేదు. సంక్రాంతికి అరిసె కొరికితే ఫిల్లింగ్ సగం ఊడిపోయింది. లవంగనూనెలో దూది ముంచి పెట్టుకుంటున్నాను. ఇప్పుడు ఆ పన్ను పక్కన చిగురు మీద చిన్న పొక్కు లేస్తోంది. అది చితికి ఉప్పగా చీము వస్తుంది, నాలుగు రోజులు తగ్గి మళ్లీ లేస్తుంది. నొప్పి మాత్రం లేదు. ఇంకో డాక్టర్‌కి చూపిస్తే మొత్తం మొదటి నుంచీ చేయాలంటున్నారు. మా వదినేమో పీకించేసుకో, గొడవ వదిలిపోతుంది అంటోంది. నొప్పే లేనప్పుడు ఇంత ఖర్చు అవసరమా?
— ఒక పాఠకురాలు, మార్కాపురం

జవాబు: అమ్మా, నొప్పి లేదని మీరు నిశ్చింతగా ఉన్నారు. నాకు టెన్షన్ అక్కడే. పంటి లోపల ఏదైనా తేడా వస్తే మనకు కబురు చెప్పేది నరం. దాన్ని అప్పుడే తీసేశారు. ఇంక ఆ పన్ను లోపల ఎంత కుళ్లినా మీకు తెలియదు.

నరం తీస్తే వేళ్లలో సన్నటి కాలువలు ఖాళీగా మిగులుతాయి. కింది దవడ పంటికి మామూలుగా మూడు, కొందరికి నాలుగు ఉంటాయి. వాటిని సన్నటి ఫైళ్లతో గీకి, మందునీళ్లతో కడిగి, క్రిములు మళ్లీ పెరగకుండా కాల్షియం హైడ్రాక్సైడ్ అనే పేస్టు పెడతాం. మీకు పెట్టిన మందు చాలావరకు అదే అయుండాలి. ఆ తర్వాత గట్టాపర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో కాలువల చివరిదాకా నింపి మూసేయాలి. మీరు వెళ్లకుండా ఆగిపోయింది ఈ పనికే. పైన వేసిన తెల్లటి ఫిల్లింగ్ కొద్దివారాల కోసం వేసేది, మళ్లీ సులువుగా తీయడానికి వీలుగా మెత్తగానే ఉంటుంది. కాబట్టి అరిసెను తిట్టకండి. అది ఊడకపోయినా ఇన్ని నెలల్లో అంచుల నుంచి ఉమ్మి లోపలికి దిగిపోయేది.

ఉమ్మితో పాటు క్రిములు దిగుతాయి. నరంతో పాటు రక్తనాళాలూ పోయాయి కనుక మీరు యాంటీబయాటిక్ మింగినా ఆ మందు కాలువల్లోకి చేరదు. గోళీలు వాడినప్పుడు వాపు తగ్గి, ఆపగానే మళ్లీ రావడానికి కారణం అదే.

ఆ పొక్కు సంగతి. వేరు కొస దగ్గర ఎముకలో చీము పట్టి, బయటికి రావడానికి చిగురులోంచి దారి చేసుకుంది. దారి తెరిచి ఉన్నంతకాలం లోపల ఒత్తిడి ఉండదు, నొప్పీ ఉండదు. ఏదో ఒక రోజు ఆ దారి మూసుకుపోతే రాత్రికి రాత్రే బుగ్గ వాస్తుంది. కింది దవడ పళ్ల చీము నాలుక కిందికీ మెడలోకీ పాకే అవకాశం ఉంది. అరుదే గానీ ఊపిరి అందనంత ప్రమాదం. గడ్డం కింద గట్టి వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం వీటిలో ఏది కనిపించినా పంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి. షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఈమధ్య చూపించుకోకపోతే ఒకసారి పరీక్ష చేయించుకోండి.

రెండో డాక్టర్ మిమ్మల్ని మోసం చేయడం లేదు. ఇన్ని నెలలు తెరిచి ఉన్న పంటిలో పాత శుభ్రం లెక్కలోకి రాదు. వాళ్లను మీరు అడగాల్సింది వేరే ఉంది: ఈ పన్ను నిలబడుతుందా? మధ్యలో డొల్ల చేసిన పన్ను, పైన కప్పు లేకుండా ఇన్నాళ్లు నమిలింది. గోడ చీలి ఆ చీలిక వేరులోకి దిగి ఉంటే ఎంత ఖర్చు పెట్టినా దండగే. అప్పుడు మీ వదిన మాటే సరైనది. చీలిక లేక, పిప్పి చిగురు కిందికి మరీ లోతుగా పోకుండా ఉంటే మాత్రం నేను పీకమని చెప్పను. పీకాక పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, పైది కిందికి దిగుతుంది. బ్రిడ్జి, అంటే పక్క పళ్లకు ఆనించి కట్టే పన్ను వేయాలంటే చెరోపక్క మంచి పళ్లను అరగదీయాలి. ఎముకలో స్క్రూ దించి కట్టే ఇంప్లాంట్ పన్ను ధర అడిగితే రూట్ కెనాలే నయమనిపిస్తుంది. కాలువలు మూసేశాక క్యాప్ తప్పకుండా వేయించండి. దవడ పన్ను క్యాప్ లేకుండా వదిలితే విరిగిపోతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. ధర చెప్పేటప్పుడు అందులో క్యాప్ కలిసి ఉందా, విడిగానా అని ముందే అడగండి.

ఖర్చు భారమైతే విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. మీకు మార్కాపురం రోడ్ స్టేషన్ నుంచి గుంటూరు వైపు రైలు ఉండనే ఉంది. పీజీ చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల కింద చేస్తారు. ఎక్కువసార్లు తిరగాలి, అయినా పని శ్రద్ధగా చేస్తారు. పాత ఎక్స్-రే ఉంటే పట్టుకెళ్లండి. వేరు కొస దగ్గర ఎముక తరిగిన నల్లమచ్చ ఎంత పెరిగిందో పోల్చి చూస్తారు. కాలువలు సరిగా మూస్తే ఆ ఎముక మళ్లీ పూడుతుంది, ఆరు నెలలో ఏడాదో పడుతుంది. రెండు ఎక్స్-రేలు పక్కపక్కన పెట్టి చూపిస్తే నా పేషెంట్లు నమ్మలేక ఫోన్‌లో ఫోటో తీసుకుంటారు.

అప్పటిదాకా రెండో వైపు నమలండి, తిన్నాక గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. పొక్కును నొక్కొద్దు, పిన్నీసుతో గుచ్చొద్దు. లవంగనూనె ఆపేయండి. నరం లేని పంటికి దాని వల్ల ఉపయోగం లేదు, చిగురు కాలుతుంది.

మా డాక్టర్లను కూడా ఒక మాట అనాలి. "వారం తర్వాత రండి" అంటే సరిపోదు. నొప్పి పోతుంది, అయినా పని సగమే అయింది అని అప్పుడే చెప్పాలి. నేను చీటీ మీద పెద్ద అక్షరాలతో "సగమే అయింది" అని రాసిస్తాను. పేషెంట్లు నవ్వుకున్నా మళ్లీ వస్తారు.

ప్రశ్న: సెలవులకు వైజాగ్ వచ్చి రూట్ కెనాల్ మొదలుపెట్టించుకున్నాను. పూర్తికాకముందే తిరుగు ప్రయాణం. మిగతాది అక్కడ చేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: చేయించుకోవచ్చు, ఆలస్యం చేయకండి. ఎక్స్-రేలు, ఎన్ని కాలువలు దొరికాయి, ఒక్కోదాని పొడవెంత, లోపల ఏ మందు పెట్టారు అన్నది రాయించుకోండి. పైన కాస్త గట్టిగా ఉండే గ్లాస్ అయనోమర్ ఫిల్లింగ్ వేయమని అడగండి. విమానం ఎక్కకముందే అక్కడ అపాయింట్‌మెంట్ తీసుకోండి. వేరేచోట మొదలుపెట్టిన పనికి డబ్బు కట్టని ఇన్సూరెన్స్ ప్లాన్లు ఉంటాయి, ఫోన్ చేసి కనుక్కోండి. మీ ప్రయాణం వారం వాయిదా వేసే వీలుంటే ఇక్కడే పూర్తిచేయించుకుని వెళ్లండి.