విశాఖ బంకర్లకు ముందు ఖిలా వరంగల్

ప్రశ్న: పిల్లలతో విశాఖ వెళ్తున్నాం. యుద్ధకాలపు తీర బంకర్లు చూపించాలని ఉంది. ముందు వాళ్లకేం చెప్పాలి సార్?
– ఒక తల్లి, కాశీబుగ్గ, వరంగల్

జవాబు: అమ్మా, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన ముచ్చట చెప్పండి. ఒడ్డున మిగిలిన కాంక్రీటు పిల్‌బాక్సు (తుపాకీ పెట్టే కంతలున్న చిన్న బంకరు) దగ్గర, లోపలి సిపాయికి ఆ సన్నని కంతలోంచి ఏం కనబడేదో పిల్లల్నే అడగండి. పైకి మాత్రం ఎక్కనివ్వద్దు, అలలు కింది ఇసుకను కోసేస్తుంటాయి.

కానీ అంతకుముందే, శత్రువును ఆపే కట్టడం ఎట్లుంటుందో చూపడానికి ఒక పొద్దున ఖిలా వరంగల్ పొండి. చాలామంది కీర్తితోరణాల దగ్గర ఫొటో దిగి మళ్లిపోతారు, నాకు మనసున పట్టదు. అసలు తెలివంతా కోట దర్వాజల్లో ఉంది. లోపలికి దారి నేరుగా పోదు, మలుపు తిరుగుతుంది. ఉరికొచ్చే శత్రువు అక్కడ ఆగాల్సిందే; గోడ మీది వాళ్లకు అతని పక్కభాగం దొరుకుతుంది. బయట మట్టికోట, లోపల అగడ్త, ఆ వెనుక సున్నం లేకుండా పేర్చిన రాతిగోడ. గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమదేవి పూర్తి చేయించిన కోట ఇది. 1323లో ఢిల్లీ సేనలు ముట్టడించింది దీన్నే. రాళ్ల అతుకుల మీద పిల్లలతో వేళ్లు పెట్టి చూపించండి. దర్వాజల గుండా బండ్లు తిరుగుతుంటాయి, చెయ్యి వదలకండి.