బడి మాన్పిస్తే నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. మావారి చేతికి నెలకు 68,000 వస్తాయి. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, 34,000 ఇస్తారు. పాపకు 8 ఏళ్లు, బాబుకు 6. ఇద్దరి ఫీజులు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం కలిపి ఏడాదికి 1,96,000. ఫ్లాట్ ఈఎంఐ 24,000. పాడేసుకున్న చీటీకి నెలకు 10,000 చొప్పున ఇంకా పది నెలలు కట్టాలి. అన్నీ పోను 15,000 మిగులుతోంది. ఎఫ్‌డీ 3 లక్షలుంది. దసరా సెలవుల తర్వాత నేను ఉద్యోగం మానేసి పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుందామనుకుంటున్నాం. ఫీజులు మిగులుతాయి కాబట్టి గడిచిపోతుందని మావారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఈ దసరాకైతే గడవదమ్మా. మీవారు మిగిలే ఫీజులు చూశారు, ఆగిపోయే మీ జీతం చూడలేదు. ఆడవాళ్ల జీతాన్ని పైసంపాదన కింద లెక్కేయడం చాలా ఇళ్లలో చూస్తుంటాను.

కాగితం మీద పెడదాం. మీ జీతం పోతే ఏడాదికి 4,08,000 తగ్గుతుంది. అందులో ఫీజుల 1,96,000 మిగులు. మీ ఆటో ఖర్చు, బయటి టిఫిన్లు నెలకు మూడు వేలనుకుంటే ఇంకో 36,000. అంటే లోటు 1,76,000. ఇంటి చదువు ఊరికే రాదు కదా. పుస్తకాలకు 15,000 చాలు: ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు నెట్లో ఉచితం, కథల పుస్తకాలకు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లున్నాయి. డబ్బు లాగేది ఈత, సంగీతం లాంటి క్లాసులే. బడి లేని పిల్లలకు స్నేహితులు దొరికేదీ అక్కడే కాబట్టి వాటిని కోయకండి. ఇద్దరికీ కలిపి 36,000. ప్రయాణాలకు, ప్రింటవుట్లకు 12,000. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు కనుక మీవారికి టర్మ్ పాలసీ అనే జీవిత బీమా, అందరికీ ఆరోగ్య బీమా తప్పవు. వాటికి 25,000 తీసిపెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అన్నీ కలిపితే లోటు 2,64,000, అంటే నెలకు 22,000. మీకు మిగిలేది 15,000. ప్రతినెలా ఏడు వేలు తక్కువ పడుతుంది. పైగా కట్టేసిన టర్మ్ ఫీజు మధ్యలో మానేస్తే వెనక్కి ఇస్తారని ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు చీటీ సంగతి. అది తీరేసరికి సరిగ్గా విద్యాసంవత్సరం అయిపోతుంది. ఆ పది వేలు చేతికొస్తే ఏడు వేల లోటు పూడి మూడు వేలు మిగులుతాయి. అందుకే దసరా కాదు, వచ్చే జూన్ పెట్టుకోండి. ఈ పది నెలలూ మిగిలే 15,000 పక్కన పెడితే ఎఫ్‌డీతో కలిపి 4,50,000 అవుతుంది. అప్పటి మీ ఖర్చు నెలకు సుమారు 65,000, అంటే అది ఆరు నెలలకు పైగా సరిపోతుంది. ఈలోగా శని, ఆదివారాల్లో ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పి చూడండి. బాబు అరగంట కుదురుగా కూర్చోకపోతే మీ టెన్షన్ ఏ స్థాయికి వెళ్తుందో కూడా తెలిసొస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్ల చదువు గురించి చెబుతుంది, ఇంటి చదువుకు విడిగా చట్టం లేదు. మళ్లీ బడికి పంపాలంటే వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టంలో ఉంది. టీసీ మాత్రం తీసుకుని దాచండి. 14 నిండాక పదో తరగతి పరీక్ష జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్‌లోనో, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్లోనో రాయించవచ్చు. వాటి ఫీజు మీకు భారం కాదు. భారమయ్యేది ఆ తర్వాతి ఇంటర్ కోచింగ్. బెజవాడలో ఉంటూ అది మీకు నేను చెప్పాలా!

అందుకే మిగిలే మూడు వేలూ ఖర్చులో కలపకండి. పాపకు పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం 250 కట్టినా ఖాతా నడుస్తుంది. పై చదువు కోసం 18 నిండాక గానీ, పది పాసయ్యాక గానీ అందులో సగం దాకా తీసుకోవచ్చు. బాబుకు చిన్న రికరింగ్ డిపాజిట్ చాలు.

చివరగా, ఉద్యోగం పూర్తిగా ఎందుకు మానేయడం? జీఎస్టీ పనంతా నెలలో రిటర్నుల గడువులైన 11, 20 తేదీల ముందే కదా ముంచుకొచ్చేది. ఆ వారం రోజులూ మధ్యాహ్నం పూట ఇంటి దగ్గర్నుంచి నాలుగైదు షాపుల రిటర్నులు చూసినా నెలకు ఎనిమిది, పది వేలు రావచ్చు. రాజీనామా ఇచ్చేముందు మీ ఆడిటర్ గారినే ఒక మాట అడిగి చూడండి.